ముందు రెక్క, ఆఖర్న పేరు

మరిది కొట్టు మెట్లెక్కేసరికి ఆమె ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది. బ్లేడు ముక్కతో ఒక్కో పోగునీ తెంపడం, ఊదడం, మళ్ళీ తెంపడం. ఇదివరకైతే ఈ పని మధ్యలో ఎవరొచ్చి పిలిచినా విసుక్కునేది. ఈమధ్య విసుగు కూడా రావడం మానేసింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ వీధిలో అందరూ టైలరమ్మ గట్టి మనిషి, బాగా తట్టుకుంది అని మెచ్చుకుంటున్నారు. తట్టుకోవాలంటే ముందు ఏదో ఒకటి తగలాలి కదా. ఆమెకి ఇంకా ఏదీ తగల్లేదు. పొద్దున లేస్తోంది, మిషను తొక్కుతోంది, దీపం ఆర్పి పడుకుంటోంది. అంతే.

“వదినా, ఇది చూడు ఒకసారి,” అని మరిది ఫోను తీసుకొచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. మనిషికి ఆత్రం ఎక్కువ. ఊరి చివర మూతపడ్డ ఇటుకల బట్టీ పక్కన కోళ్ళు పెంచుతాడు. కోళ్ళ సంగతి తప్ప రెండో సంగతి మాట్లాడితే పాపం అన్నట్టుంటాడు. “రోజూ పొద్దున్నే ఒక పిల్ల మాయం. నిన్న పరిగెత్తుకెళ్ళేసరికి ఇదిగో, కంచె గుంజ మీద కూర్చుని ఉంది. కాళ్ళ కింద నా పిల్లే. ఇది ఏ పిట్టో చెప్పు.”

ఆమె తలెత్తింది. ఫొటోలో పిట్ట వెనక్కి తిరిగి ఉంది. గోధుమరంగు వీపు, చారల తోక. ఆమె చేతిలోని బ్లేడు ఆగనైనా ఆగలేదు.

“తొండల డేగ,” అంది.

“అంటే?”

“తొండల్నీ ఎలుకల్నీ పట్టుకుంటుంది. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిపోతుంది చూడు, అది.”

“అదా! రోజూ నా దొడ్డి మీదేగా నిలబడేది! నేను అనుకుంటూనే ఉన్నా వదినా, దీని చూపు మంచిది కాదని.” మరిదికి దొంగ దొరికిన సంబరం. “అయితే కోడిపిల్లల్ని కూడా తింటుందన్నమాట.”

“దొరికితే ఏదైనా తింటుంది.”

“ఎక్కడుంటుంది?”

“మీ వెనకే. బట్టీ పొగగొట్టానికి పైన ఇటుకలు రాలిన బొక్క ఉంది కదా, దాన్లో. ఏటా అక్కడే.”

మరిది మెట్లు దిగి బండి స్టార్టు చేసుకునే లోపల ఆమె రెండో కాలు అంచు కూడా విప్పేసింది.

మొగుడు లైన్‌మన్. ఆయన బతికి ఉంటే ఆ మాట అలా వచ్చేది కాదు. వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. పెళ్ళైన కొత్తలో ఒక స్తంభం మీద కూర్చున్న పిట్టని చూసి ఆయనొక పేరు చెప్పాడు, ఈమె ఇంకో పేరు చెప్పింది. పిట్ట తన దారిన తాను ఎగిరిపోయింది, వీళ్ళిద్దరికీ మాత్రం మాటల్లేవు. ఆ పోట్లాట తెగాక పెట్టుకున్న నియమం అది. బైనాక్యులర్స్ ఆయన చేతిలో ఉంటాయి. ఆయన పేరెత్తకూడదు. ముందు రెక్క ఎలా ఉందో చెప్పాలి, తర్వాత తోక, తర్వాత కాళ్ళు, కన్ను, ఎగిరే తీరు. ఈమె చూడకుండా, తల వంచుకుని వింటుంది. అన్నీ విన్నాక పేరు చెబుతుంది. అప్పుడాయన “ఖాయమేనా?” అని అడుగుతాడు. ఏ మాత్రం అనుమానమున్నా ఈమె “ఉండండి” అంటుంది. మళ్ళీ మొదటికి. కరెంటు స్తంభాలెక్కి దిగేవాడికి ఎన్ని గద్దలు, ఎన్ని డేగలు తారసపడేవో. సెలవు రోజున ఇద్దరూ ఊరి బయట గట్టు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు వీళ్ళకి పిచ్చేమో అనుకునేవారు. ఒకడు ఎవరికీ కనబడని పిట్టని వర్ణిస్తుంటే ఒకతి నేలకేసి చూస్తూ ఊకొట్టడం మరి ఎలా కనిపిస్తుంది.

ఇప్పుడు రెక్క గురించి చెప్పే మనిషి లేడు. ఖాయమేనా అని మరిదీ అడగలేదు.

ఆదివారం తోడికోడలు ఫోను చేసింది. “అక్కా, ఒక్కదానివీ ఏం వండుకుంటావు, భోజనానికి ఇక్కడికి రా. నువ్వు రాకపోతే నేనే వచ్చి నీ బుర్ర తినేస్తాను, తర్వాత నీ ఇష్టం,” అంది. ఆమె వెళ్ళింది. వెళ్ళాలని లేదు, వెళ్ళకూడదనీ లేదు.

పెరట్లో నీడకి స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. తోడికోడలు మాట్లాడుతూనే ఉంది. పక్కింటి వాళ్ళ కుక్క గురించి, మొగుడి గురక గురించి, ఈ రెండింట్లో ఏది ఎక్కువ చప్పుడో తేల్చుకోలేకపోతున్న తన కష్టం గురించి. ఆమె కంచం ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తోంది. దొడ్డి అవతల బీడు, బీడు అవతల సగం కూలిన పొగగొట్టం.

బీడు మీద తొండల డేగ నిలబడి ఉంది. గాలికి ఎదురుగా, రెక్కలు వణికిస్తూ, తల మాత్రం మేకు కొట్టినట్టు కదలకుండా. ఉన్నట్టుండి రాయిలా కింద పడింది. లేచేసరికి కాళ్ళలో ఎలుక వేలాడుతోంది. నేరుగా పొగగొట్టం దగ్గరికి వెళ్ళింది. బొక్క దగ్గర వాలబోయి, వాలకుండా పక్కకి తిరిగింది. ఒక చుట్టు చుట్టి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే తిరిగిపోయింది. ఎలుకని మాత్రం వదల్లేదు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ పిట్ట లోపలికి ఎందుకు వెళ్ళడం లేదో అని ఒక ఆలోచన వచ్చింది. ఎవరో పక్కగదిలో మాట్లాడుతున్నట్టుగా, తనది కానట్టుగా వచ్చింది.

“చూశావా ఎలా తిరుగుతోందో!” తోడికోడలు నీళ్ళ గ్లాసు అందించింది. “నువ్వు చెప్పావటగా, ఈయన నిన్న సాయంత్రం మేస్త్రీని తీసుకొచ్చి ఆ బొక్క మూయించేశారు. ఇటుకలు పెట్టి, పైన సిమెంటు మాలు కొట్టించి. ఇంక దానికి కొంపా గోడూ లేదు.”

“లోపల ఏం లేవా?”

“ఏదో చప్పుడవుతోందని మేస్త్రీ పైనుంచి అరిచాడు. అవనీ, నా కోళ్ళ మీద జాలి చూపించింది ఎవరని ఈయన కిందనుంచి అరిచారు.” తోడికోడలు గొంతు కాస్త తగ్గింది. “నాకు కూడా మనసులో ఏదోలా అనిపించిందక్కా. కానీ కోడిపిల్లలు రోజుకొకటి పోతుంటే ఆయన అన్నం కూడా సరిగా తినడం లేదు. ఏమని చెప్పను?”

ఆమె కంచంలో ఉన్నది పూర్తిగా తినేసింది. చెయ్యి కడుక్కుంది. తువ్వాలుకి తుడుచుకుంది. ఈ పనులన్నీ సవ్యంగా చేశాక, “ఆ ఫొటో నీ దగ్గర ఉందా?” అని అడిగింది.

తోడికోడలి ఫోనులో ఉంది. ఆమె ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసుకుంది. ఈసారి ముందు రెక్క చూసింది. ముడిచిన రెక్క కొస తోకలో సగానికి కూడా రాలేదు. తొండల డేగకి రెక్క పొడుగు, ముడిస్తే కొస తోక చివరిదాకా వస్తుంది. కాళ్ళు చూసింది. సన్నగా, పొడుగ్గా, పుల్లల్లా ఉన్నాయి. తల పక్కకి తిప్పి ఉంది కాబట్టి ఒక కన్ను కనిపిస్తోంది. పసుపు. తొండల డేగ కన్ను నల్లగా ఉంటుంది, దూరం నుంచి చూస్తే కన్నుందా లేదా అన్నంత నలుపు.

ఇది జాలె డేగ. వయసు ఇంకా నిండనిది, వీపు బూడిదరంగు తిరగనిది. చెట్ల మధ్యనుంచి నేలబారుగా వచ్చి ఎత్తుకుపోయే రకం. అది ఎప్పుడూ గాల్లో నిలబడదు, ఎవరికీ కనబడదు. పట్టపగలు అందరి కళ్ళముందూ నిలబడి ఎలుకలు పట్టుకునేది దొంగై కూర్చుంది. ఆమె అలా కూర్చోబెట్టింది.

మరిది షెడ్డులో నీళ్ళ తొట్లు కడుగుతున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది. “ఆ బొక్క తీయించు. కోడిపిల్లల్ని పట్టుకుపోయేది అది కాదు. నేను తప్పు చెప్పాను.”

మరిది పీచు తొట్లో పడేసి లేచాడు. “తప్పా? ఫొటో నీ చేతిలో పెట్టాను వదినా.”

“పెట్టావు. నేను చూళ్ళేదు.”

“చూడకుండానే దాని పేరు, అది తినేది, అది ఉండే చోటు అన్నీ చెప్పేశావా?”

“చెప్పేశాను.”

అంత తిన్నగా ఒప్పుకునేసరికి మరిది తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు. “నేనొకటి అంటాను, ఏమీ అనుకోకు. మొన్న చెప్పినప్పుడు నీకు ఆ పిట్ట మీద కోపం లేదు, జాలీ లేదు. అందుకే ఆ మాట ఖరారు. ఇవాళ ఆ బొక్కలో దాని పిల్లలున్నాయని తెలిసింది. మనసు కరిగి మాట మారుస్తున్నావు. అన్నయ్య పోయాక ఎవరికైనా అలాగే ఉంటుంది.”

“నా మనసు కరగలేదు,” అంది ఆమె. అది నిజం. ఎలుకని మోసుకుంటూ తిరిగే ఆ పిట్టని చూసినా, లోపల చీకట్లో ఉన్నవాటిని తలచుకున్నా, ఆమె లోపల ఏదీ కదల్లేదు. తప్పని తెలుసు, అంతే. కుట్టు వంకరగా పడితే విప్పి మళ్ళీ కుట్టాలి. దానికి ఏడుపెందుకు. “రెక్క పొట్టిగా ఉంది. కన్ను పసుపు. అందుకని మారుస్తున్నాను.”

“నాకేం తెలుసు వదినా, రెక్కలూ కళ్ళూ? నాకు తెలిసింది నువ్వు చెప్పిన పేరు.”

“అయితే రేపు పొద్దున నువ్వే చూడు.”

“రేపటిదాకా ఆగితే లోపలివి ఉంటాయా?” అని గుమ్మం బయటనుంచి తోడికోడలు అడిగింది. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. “ఏంటలా చూస్తారు, నేను అడక్కూడదా? తీస్తే ఇప్పుడే తీయించండి. లేకపోతే ఇంక ఎప్పటికీ ఆ మాట ఎత్తకండి.”

మరిది తొట్టి మీదకి వంగాడు. “మేస్త్రీ పక్కూరు పనికి పోయాడు. రేపు గానీ రాడు,” అన్నాడు. పీచు తీసి మళ్ళీ గట్టిగా తోమడం మొదలుపెట్టాడు. ఆమె ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది.

తెల్లారుతుండగా మరిదిని లేపి షెడ్డు వెనక మూలకి తీసుకెళ్ళింది. చేతి సంచీలో లైన్‌మన్ బైనాక్యులర్స్ ఉన్నాయి. ఆయన పోయాక వాటి తోలు పెట్టె మూత తీసిందీ లేదు, ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకెళ్ళడం మానిందీ లేదు. ఇప్పుడు తీసి మరిది మెడలో వేసింది. మరిది మొహం అదోలా పెట్టాడు.

“ఆకాశం చూడకు. కోళ్ళని చూడు. అవే చెప్తాయి.”

“ఏం చెప్తాయి?”

“మాట్లాడకు.”

కూర్చున్నారు. తల్లికోడి పిల్లల్ని వెంటేసుకుని పెంట కుప్ప గీరుతోంది. కొంచెంసేపటికి బీడు మీద తొండల డేగ వచ్చి నిలబడింది. మరిది వెంటనే ఆమె మోచేతిని పొడిచాడు, అదిగో దొంగ అన్నట్టు. ఆమె కోళ్ళ వైపు చూపించింది. తల్లికోడి ఒకసారి తల వాల్చి పైకి చూసి, మళ్ళీ తన పని తాను చూసుకుంది. పిల్లలు అటూ ఇటూ చెదరనైనా లేదు. మరిది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన కోళ్ళని తనకంటే ఎక్కువ ఎవరెరుగుదురు.

ఎండ కంచె దాకా వచ్చింది. తల్లికోడి గొంతు మారింది. ఒక్కటే పొడుగాటి కూత. పిల్లలన్నీ దాని రెక్కల కిందికి దూరాయి, ఒకటి తప్ప. తుమ్మచెట్ల సందులోంచి మోకాలెత్తున ఏదో దూసుకొచ్చింది, కంచె దాటింది, వెళ్ళింది. వెళ్ళాక చూస్తే కాళ్ళ కింద కోడిపిల్లతో కంచె అవతలి గుంజ మీద వాలి ఉంది.

మరిది లేవబోయాడు. ఆమె అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. “పిల్ల ఎలాగూ పోయింది. బైనాక్యులర్స్ పెట్టు. పేరు చెప్పకు. రెక్క చెప్పు.”

“అది నా పిల్లని...”

“రెక్క.”

అతను బైనాక్యులర్స్ కళ్ళకి ఆన్చాడు. “పొట్టి. గుండ్రంగా ఉన్నట్టుంది. ముడిస్తే తోక సగానికి కూడా రావడం లేదు.”

ఆమె తల వంచుకుంది. ఎదురుగా ఉన్న పిట్టని చూడలేదు. చెప్పులు చూసుకుంటూ, “తోక?” అంది.

“పొడుగు. అడ్డంగా పట్టీలు.”

“కాళ్ళు?”

“పుల్లల్లా ఉన్నాయి. పసుపు.”

“కన్ను?”

మరిది బైనాక్యులర్స్ ఇంకోసారి సరిచేసుకున్నాడు. “పసుపే,” అన్నాడు చివరికి. బైనాక్యులర్స్ దించి, బీడు మీద ఇంకా అలాగే గాల్లో నిలబడి ఉన్న పిట్ట వైపు చూశాడు. అటు చూసి, పొగగొట్టం చూసి, మళ్ళీ చెట్ల వైపు చూశాడు. ఏ పేరూ అడగలేదు. జేబులోంచి ఫోను తీసి మేస్త్రీకి కలిపాడు. మేస్త్రీ ఏదో సణుగుతున్నట్టుంది. “కాఫీ తర్వాత తాగుదువు గానీ ముందు రావయ్యా బాబూ!” అని దొడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు.

మేస్త్రీ సుత్తీ ఉలీ సంచీలో వేసుకుని వచ్చాడు. “మొన్న మూసింది నేనే, ఇవాళ తీసేదీ నేనే. ఇలాగే చేయించుకుంటూ ఉండండి, నాకూ పని ఉంటుంది,” అంటూనే ముగ్గురి మొహాలూ చూసి నవ్వు ఆపేశాడు. పొగగొట్టానికి బిగించిన ఇనప మెట్లు పట్టుకుని ఎక్కాడు. మరిది కింద నిలబడి, ఎక్కేవాడికి ఆసరా ఇస్తున్నట్టు, అడుగున మెట్టు గట్టిగా పట్టుకున్నాడు. దానివల్ల పైవాడికి ఒరిగేదేమీ లేదు. తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. రెండు దెబ్బలకి పెచ్చు ఊడింది. ఒక ఇటుక లాగాడు, రెండోది లాగాడు. తల లోపల పెట్టి చూశాడు.

“అమ్మా!” అని పైనుంచి పిలిచాడు. “ఇక్కడ పిల్లలున్నాయి!”

ఆమె తల పైకెత్తలేదు. అలవాటు. “ఎలా ఉన్నాయో చెప్పు,” అంది నేలకేసి చూస్తూ.

“ఎలాగంటే... తెల్లగా దూదిలా ఉన్నాయి. మధ్యలో గోధుమరంగు ఈకలు పొడుస్తున్నాయి.”

“కన్ను?”

“నలుపు. నా వైపే చూస్తున్నాయి. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, అరుపు మాత్రం రావడం లేదు.” కాస్త ఆగాడు. “ఒకటి కదలడం లేదమ్మా. అడుగున ఉంది. మిగతావి దాని మీదే కూర్చున్నాయి.”

అప్పుడు తగిలింది ఆమెకి. ఏడుపు కాదు, కోపం. ఒళ్ళంతా మండిపోయేంత కోపం. చూడకుండా నోరు జారిన తన మీద, ఖాయమేనా అని అడగని మరిది మీద, చప్పుడు విని కూడా మాలు కొట్టిన మేస్త్రీ మీద. వాళ్ళందరి కంటే ఎక్కువగా మొగుడి మీద. తగుదునమ్మా అని ముందు వెళ్ళిపోయాడు. పేరు చెప్పే పని ఒక్కదాని నెత్తిన పడేసి వెళ్ళిపోయాడు. ఇన్ని నెలలుగా ఆయన మీద ఆమెకి కోపం రాలేదంటే, ఆయన పోయాడన్న మాట ఇప్పటిదాకా ఆమె చెవిన పడలేదన్నమాటే. అక్కడే ఇటుకల కుప్ప మీద కూర్చుంది. తోడికోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఆశ్చర్యం, ఏమీ మాట్లాడలేదు.

“చనిపోయినదాన్ని తీసెయ్యనా?” అని మేస్త్రీ అడిగాడు.

“తీసి, దిగిపో. తొందరగా దిగు. అందరూ దూరంగా రండి.”

షెడ్డు నీడలోకి వచ్చేశారు. మేస్త్రీ తెచ్చినదాన్ని రుమాల్లో చుట్టి కంచె మొదట్లో పెట్టాడు. మరిది దాని వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. ఆకాశంలో ఏమీ లేదు. రెండు రోజులుగా ఆ మూసిన గోడ చుట్టూ తిరిగిన పిట్ట విసిగి వెళ్ళిపోయిందేమో, ఇంక రాదేమో. రాకపోతే లోపలున్నవీ దక్కవు.

ఎంతసేపయిందో. మరిది మెడలో బైనాక్యులర్స్ ఇంకా ఉన్నాయి. వాటిని కళ్ళకి ఆన్చుకుని బీడు వైపు తిప్పాడు. ఒక్కచోట ఆపాడు.

“వదినా. రెక్కలు పొడుగు,” అన్నాడు మెల్లిగా. “కొసలు సూదిగా ఉన్నాయి.”

ఆమె తల వంచుకుంది.

“తోక విసనకర్రలా విప్పింది. చివర నల్ల పట్టీ. కాళ్ళు కనబడటం లేదు, ఏదో పట్టుకుంది, అది అడ్డం. కన్ను నలుపు. చెంప మీద నల్ల చార. గాల్లో... గాల్లో నిలబడిందొదినా.”

చెప్పడం ఆపి ఎదురుచూశాడు. ఆ పిట్ట పేరు అతనికి తెలుసు. జన్మలో మర్చిపోడు. అయినా నోరెత్తకుండా, అన్నయ్య ఎదురుచూసినట్టే ఎదురుచూశాడు. మొన్న కొట్టులో దారప్పోగులా ఊదేసిన ఆ పేరుని ఇవాళ ఆమె రెక్కా తోకా కన్నూ సరిచూసుకున్నాకే పైకి తెచ్చింది.

“తొండల డేగ,” అంది.

“ఖాయమేనా?”

“ఉండు.”

తల ఎత్తింది. తన కళ్ళతో తానే చూసింది. పిట్ట పొగగొట్టం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. బొక్క దగ్గరికి వచ్చింది, పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ వచ్చింది. ఇటుక అంచు మీద కాళ్ళు ఆన్చింది. ఎలుక కింద వేలాడుతోంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత వంగి లోపలికి వెళ్ళింది. లోపలినుంచి, అంత దూరం నుంచి, సన్నగా, బొంగురుగా, అరుపులు వినబడ్డాయి.

“ఖాయం,” అంది ఆమె, ముక్కు చీదుకుంటూ.